జాబితాలో మన పేరు ఉందా?

ఒక ఎన్నికల రోజు. ఫజర్ నమాజు అయ్యాక మా ఇంటావిడను వెంటబెట్టుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్ళాను. ఆడవాళ్ళ వరుస వేరు, మగవాళ్ళ వరుస వేరు. నేను ఓటు వేసి బయటకు వచ్చేసరికి ఆమె గేటు పక్కన చెట్టుకింద నిలబడి ఉంది. జాబితాలో పేరు లేదన్నారట. చేతిలో ఫోటో గుర్తింపు కార్డు ఉంది. అంతకుముందు ఎన్నికలో ఓటు వేసిన మనిషే. కార్డు ఒక్కటే ఉంటే చాలదమ్మా, జాబితాలో పేరుండాలి అన్నాడట బల్ల దగ్గరి కుర్రవాడు. అతను చెప్పింది నిజమే. చట్టం అదే.

ఆమె ఒక్క మాట అనలేదు. "పొయ్యిమీద పాలు పెట్టి వచ్చాను, నడవండి" అంది. ఆ మాట నన్ను ఈనాటికీ గుచ్చుతూనే ఉంది.

ఇలాంటివి జరిగినప్పుడు మనం ఏం చేస్తాం? టీ హోటల్లో కూర్చుని రెండు కప్పుల చాయ్ చల్లారేదాకా ప్రభుత్వాన్ని తిడతాం. కావాలనే మన పేర్లు తీసేశారంటాం. జుహర్ అజాన్ వినబడగానే లేచిపోతాం. మళ్ళీ ఆ సంగతి గుర్తొచ్చేది అయిదేళ్ళకు, మళ్ళీ ఆ వరుసలోనే.

పేర్లు పోవడం అబద్ధమని నేను అనడం లేదు. 2015లో ఓటరు జాబితాలను ఆధార్‌తో జోడించి ప్రక్షాళన చేసే కార్యక్రమం చేపట్టారు. ఆ ఏడాది ఆగస్టులో ఆధార్ వాడకంపై సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చాక అది ఆగింది. అప్పటికే హైదరాబాద్‌లో లక్షల సంఖ్యలో పేర్లు కొట్టివేశారు. 2018 డిసెంబర్ 7న శాసనసభ పోలింగ్ నాడు ఎందరో ఓటర్లు పేర్లు లేక వెనుదిరిగితే, తెలంగాణ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. అలా వెనుదిరిగిన వారిలో అన్ని మతాల వారూ ఉన్నారు. అద్దె ఇళ్ళు మారేవారు, పొట్ట చేతపట్టుకుని ఊళ్ళు తిరిగేవారు, అడగడానికి నోరు లేనివారు ఎప్పుడూ ముందుగా నష్టపోతారు. మనలో అటువంటి వారు ఎక్కువ కాబట్టి మనకు దెబ్బ ఎక్కువ తగులుతుంది.

2025లో బీహార్‌లో ఏం జరిగిందో చూడండి. జూన్ 24న ఎన్నికల సంఘం అక్కడి జాబితాకు ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించింది. 2003 జాబితాలో ఉన్నవారికి కొంత వెసులుబాటు. తక్కినవారు 11 రకాల పత్రాలలో ఏదో ఒకటి చూపాలి. 7.89 కోట్ల ఓటర్లుండగా ఆగస్టు 1న వెలువడిన ముసాయిదాలో 7.24 కోట్లే మిగిలారు. దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయిన వారు, వలస పోయినవారు, రెండుచోట్ల పేర్లున్న వారు అన్నారు. ఆ మాటలో నిజమెంతో తేల్చుకోవడానికైనా పేర్లు తెలియాలి కదా! తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రచురించండని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాక గాని జనానికి తెలియలేదు. ఆధార్‌ను 12వ పత్రంగా తీసుకోండని సెప్టెంబర్ 8న కోర్టు చెప్పింది. సెప్టెంబర్ 30న తుది జాబితా వచ్చేనాటికి సంఖ్య 7.42 కోట్లకు చేరింది. అడిగినవారికి కొంత దక్కింది. అక్టోబర్ 27న మరో 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు ఇదే సవరణ ప్రకటించారు. ఆ పన్నెండులో మన రెండు తెలుగు రాష్ట్రాలు లేవు. అంతమాత్రాన మనం నిశ్చింతగా ఉండవచ్చా?

ఇక అసలు సంగతికి వస్తాను. మన ఇళ్ళలోని కాగితాలను ఒకసారి బల్లమీద పరచండి. రేషన్ కార్డులో మహమ్మద్, ఆధార్‌లో మొహమ్మద్, పదో తరగతి మెమోలో ఎండీ. కోస్తా జిల్లాల వారికి షేక్ అన్నది ఒక కాగితంలో పేరుకు ముందుంటుంది, ఇంకో కాగితంలో వెనక, మూడోదానిలో ఎస్.కె. అన్న రెండు అక్షరాలు. ఉర్దూలో ఖాదిర్ అని ఒకే తీరుగా రాసే పేరు తెలుగులోకి వచ్చేసరికి ఖాదర్, కాదర్, ఖాదిర్ అవుతుంది. అక్కడినుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి మరో నాలుగు రూపాలు ఎత్తుతుంది. ఆడపిల్లల సంగతి మరీ కష్టం. పుట్టింట్లో బీ, అత్తవారింట్లో బేగం, ఓటరు కార్డులో బీబీ. మనిషి ఒక్కరే, మనకు తెలుసు. కంప్యూటరుకు తెలియదు. అది అక్షరాన్ని అక్షరంతో పోలుస్తుంది.

ఈ పాపంలో నా వాటా కూడా ఉంది, దాచను. ముప్పై ఏళ్ళుగా బడిలో ఉర్దూ చెబుతున్నాను. జూన్ నెలలో తల్లులు పిల్లల చేయి పట్టుకుని వచ్చేవారు. పుట్టిన తేదీ ఎప్పుడమ్మా అంటే "రంజాన్ తర్వాత, వానలు పడుతున్నాయి" అనేవారు. బడిలో చేరే వయసు సరిపోయేలా ఏదో ఒక తేదీ వేసేవాళ్ళం. ఎందరి పిల్లల పుట్టినరోజులు జూన్‌లోనో జూలై 1నో ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి. నేను వేసిన ఆ తేదీతోనే ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, పాస్‌పోర్టులు తీశారు, గల్ఫ్‌కు వెళ్ళారు. ఆసుపత్రి కాగితంలో ఇంకో తేదీ ఉన్నవారు ఇప్పుడు ఆ రెండింటికీ పొత్తు కుదర్చలేక కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. 2023 అక్టోబర్ 1నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం, ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి, పుట్టిన ఊరికి ఆధారం. 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము లేదు. అఖీఖా విందుకు మేకను చూడడానికి వెళ్ళే తండ్రి, ఆ దారిలోనే ఈ పని కూడా చూసుకుని రాలేడా?

ఆడవాళ్ళ పేర్ల గురించి మరొక మాట. 1951-52లో దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే రాయించుకున్నారు. సొంత పేరు లేనిదే ఓటరు కాదని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా నిలబడ్డారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోంచి పోయాయి. వారిలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వారు. ఏడు దశాబ్దాలు దాటింది. మన మొహల్లాలలో తలుపు తట్టిన బూత్ అధికారికి లోపలినుంచి ఇప్పటికీ వినబడే జవాబు "ఇంట్లో మగవాళ్ళు లేరు, తర్వాత రండి". అతను రాడు. "ఇంట్లో లేరు" అని రాసుకుని పోతాడు.

రాతకోతల విషయంలో అలసత్వం మనకు ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి. సూరె బఖరాలో 282వది. మదర్సాలో దానిని కంఠస్థం చేసినవారు వేలమంది. ఓటు కూడా ఒక షహాదత్, సాక్ష్యం వంటిదని మన ఉలమాలలో పలువురు చెప్పారు. కాని సాక్ష్యం ఇచ్చే రోజు వస్తే మనం ఏం చేస్తున్నాం? 2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రమంతటా 71 శాతం పైగా పోలింగ్ జరిగితే, పాతబస్తీ యాకుత్‌పురాలో 40 శాతం కూడా దాటలేదు. అక్కడ పోయిన పేర్లతో పాటు చనిపోయిన వారి పేర్లు, ఇల్లు మారిన వారి పేర్లు కూడా జాబితాలో ఉండి లెక్క తగ్గించి ఉండవచ్చు. అయినా సరే, పేరు ఉండి ఇంట్లో పడుకున్నవారి సంగతి ఏమిటి? తండ్రి చనిపోతే చాలీస్వాఁ ఘనంగా చేస్తాం. ఆయన పేరు తీయించడానికి ఒక కాగితం ఇవ్వం. ఆ పేరు అలా ఉండిపోతే రేపు దొంగ ఓటని వేలెత్తి చూపేది కూడా మనవైపే.

చేయవలసింది పెద్దదేమీ కాదు. కొత్తగా చేరడానికి ఫారం 6, తొలగింపునకు, అభ్యంతరానికి ఫారం 7, తప్పులు దిద్దుకోవడానికి, చిరునామా మార్చుకోవడానికి ఫారం 8. ఇప్పుడు ఏడాదికి ఒక్కసారి కాక జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల ఒకటో తేదీలను బట్టి 18 నిండినవారు చేరవచ్చు. 17 నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు ఇవ్వవచ్చు. నమోదు అధికారి కాదంటే 15 రోజుల్లోగా జిల్లా మెజిస్ట్రేటుకు, అక్కడా కాదంటే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఇది 1950 చట్టం ఇచ్చిన హక్కు. దరఖాస్తు ఇచ్చినట్టు రశీదు తీసుకోవడం మరువకండి. మనవాళ్ళు రశీదు అడగడానికి మొహమాటపడతారు.

మసీదు కమిటీలకు నా విన్నపం ఒక్కటే. జుమా నాడు వరండాలో ఒక బల్ల వేయించండి. డిగ్రీ చదువుతున్న ఇద్దరు పిల్లలను, ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని, జాబితా పెట్టుకుని కూర్చోబెట్టండి. అమ్మాయి ఎందుకంటే ఆమె ఇళ్ళలోకి వెళ్ళగలదు, ఆడవాళ్ళ పేర్లు వాళ్ళ నోటితోనే చెప్పించగలదు. పక్క వీధిలో హిందువుల ఇళ్ళున్నాయా, వారి పేర్లు కూడా చూసి పెట్టండి. ఫ్యాను కోసం, తివాచీ కోసం చందా వసూలు చేసినంత కష్టం ఇందులో లేదు.

మా ఇంటావిడ పేరు తర్వాత ఏడాది జాబితాలో చేరింది. అయితే అందులో ఒక అక్షరం తప్పు పడింది, వయసు మూడేళ్ళు తగ్గింది. వయసు తగ్గినందుకు ఆమె నవ్వి ఊరుకుంది. నేను నింపి సంతకానికి పెట్టిన ఫారం 8 ఇంకా నా అలమారలోనే ఉంది. రేపు శనివారం, ఇచ్చి వస్తాను.