సోఫా ఎడమ మూల

2023 డిసెంబరు 17, ఆదివారం మధ్యాహ్నం. న్యూజెర్సీ రాష్ట్రం, ఎడిసన్‌లో మా అబ్బాయి ఇల్లు. హాల్లో ఏడుగురు మగవాళ్లు, అందరూ మనవాళ్లే. ఆరుగురు ఇంజనీర్లు, ఒకాయన గుండె డాక్టరు. అందరి ఒంటి మీదా ఆకుపచ్చ జెర్సీలు. టీవీలో న్యూయార్క్ జెట్స్ జట్టు మయామీ వెళ్లి డాల్ఫిన్స్‌తో ఆడుతోంది. వీళ్లు ఫుట్‌బాల్ అనేది కాలితో తన్నే ఆట కాదు, కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తే ఆట. ఆ ఆట రాని నాక్కూడా ఆకుపచ్చవాళ్ల పని అయిపోయిందని కాసేపట్లోనే అర్థమైంది.

అప్పుడే ఎనిమిదేళ్ల మా మనవడు మంచినీళ్లు తాగుదామని మేడ దిగి వచ్చాడు. వాడు ఆఖరి మెట్టు మీద ఉండగా అవతలివాళ్లు టచ్‌డౌన్ కొట్టారు. "ఇప్పుడెందుకొచ్చావురా నువ్వు? పో పైకి!" అని వాళ్ల నాన్న గావుకేక పెట్టాడు. పిల్లాడు గ్లాసు ముట్టుకోకుండానే వెనక్కి తిరిగాడు. డాక్టరుగారు నావైపు వంగి, "నెల్లాళ్లుగా చూస్తున్నాం అంకుల్, వాడు దిగినప్పుడల్లా ఇదే వరస. పోయిన ఆదివారం వాడు బర్త్‌డే పార్టీకి వెళ్లాడా, మనవాళ్లు హ్యూస్టన్ మీద ముప్పై కొట్టారు" అన్నాడు. ఈసీజీ చదివి చెప్పేటప్పుడు కూడా ఆయన మొహం అంత గంభీరంగా ఉండదేమో.

ఆ తాగని నీళ్ల గురించే ఈ వ్యాసం.

ముందు వాళ్ల నమ్మకాన్ని ఉన్నదున్నట్టు చెబుతాను, పక్షపాతం లేకుండా. ఆ రోజుకి జెట్స్ 13 ఆటల్లో 5 గెలిచింది. సీజన్‌కు 17 ఆటలు. మిగిలిన నాలుగూ గెలిచి, పైనున్న జట్లు వరసగా ఓడితే ప్లేఆఫ్స్‌కు, అంటే నాకౌట్ పోటీలకు, వెళ్లొచ్చు. ఇందుకు మైదానంలో ఆటగాళ్లు ఏం చేయాలన్నది చిన్న విషయం. ఎడిసన్‌లో మావాడు సోఫా ఎడమ మూలనే కూర్చోవాలి. హ్యూస్టన్ మీద గెలిచిన రోజు వేసుకున్న జెర్సీ ఉతక్కూడదు. చిప్స్ గిన్నె టీవీకి కుడివైపునే ఉండాలి. కన్నకొడుకు మేడ దిగకూడదు. ఇవన్నీ అమరితే రెండు వేల కిలోమీటర్ల అవతల గాలి దిశ మార్చుకుని బంతిని మనవాడి చేతిలో పెడుతుంది. న్యాయంగానే చెప్పాను కదా? మావాడు ఒప్పుకోడు. "అదంతా సరదా నాన్నా, నువ్వు ప్రతిదీ సీరియస్‌గా తీసుకుంటావు" అంటాడు. సరదా అయితే పిల్లాడి గొంతు ఎందుకు ఎండిందిరా?

జెట్స్ ఒక్కసారే గెలిచింది సూపర్ బౌల్ అనే ఫైనల్. 1969 జనవరి 12న, జో నేమత్ అనే కుర్రాడు ముందే గెలుస్తామని గ్యారంటీ ఇచ్చి మరీ బాల్టిమోర్‌ను 16-7తో ఓడించాడు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టకముందటి మాట అది. 2010 సీజన్ తరవాత ప్లేఆఫ్స్ ముఖం కూడా చూడలేదు. 2023లో ఆరన్ రాడ్జర్స్ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, వచ్చాడు. ఆ మహానుభావుడు ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒరెగాన్‌లో వెలుతురు చొరని గదిలో కొన్ని రోజులు ధ్యానం చేసి, బయటికొచ్చాక ఆడతానని తేల్చాడు. చీకట్లో ఏం కనిపించిందో గానీ, సెప్టెంబరు 11న సొంత మైదానంలో మొదటి ఆటలో, నాలుగో ఎత్తులోనే ఎడమ మడమ పైని స్నాయువు తెగింది. ఇక అభిమానుల ఆశంతా ఆయన డిసెంబరులో లేచి వస్తాడని. అవతారపురుషుడి పునరాగమనానికి కావలసిందల్లా అప్పటిదాకా జట్టు రేసులో ఉండటమే. అందుకే ఆ ఆదివారం అంత భక్తి.

నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. నాలుగు ఆటలూ నాణెం ఎగరేసినట్టు సరిసమానమే అనుకున్నా, నాలుగూ గెలిచే అవకాశం పదహారింట ఒకటి. అప్పటికీ అయ్యేది 9 గెలుపులు. చివరికి జెట్స్ ఉన్న కాన్ఫరెన్సులో, అంటే లీగులో సగం జట్ల గుంపులో, ప్లేఆఫ్స్ ఆఖరి చోటుకు 10 గెలుపులు పట్టింది, తొమ్మిదేసి గెలిచిన మూడు జట్లు ఇంటికెళ్లాయి. ఆ రోజు పదహారింట ఒకటి లెక్క చెబితే ఏడుగురూ ఏకకంఠంతో పురాణం విప్పారు. 1992లో శాన్‌డియాగో మొదటి నాలుగూ ఓడి ప్లేఆఫ్స్‌కు పోలేదా? 2010లో సియాటిల్ ఏడే గెలిచి కూడా లోపలికెళ్లి, అంతకుముందటి ఏడాది చాంపియన్‌నే ఓడించలేదా? 2020లో వాషింగ్టన్ కూడా అన్నే గెలిచి వెళ్లలేదా? అన్నీ నిజాలే, కాకపోతే వెళ్లలేకపోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు. మా అబ్బాయి వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేశాడు, వచ్చాక 108 చేసి విమానమెక్కాడు. ఆ గుడి చుట్టూ 108 తిరుగుతున్నవాళ్లను చూస్తే వీసా రానివాడు భూమ్మీద లేడనిపిస్తుంది. రానివాడు 108 తిరగడానికి ఎందుకొస్తాడు?

ఈ నమ్మకం పుట్టుక గురించి పేజీలు నింపను. భయమూ, ఏమీ చేయలేనితనమూ కలిస్తే ఇదే పుడుతుంది, అంతకు మించి వెతకనక్కర్లేదు. మన గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోడిపందేలకు కుక్కుట శాస్త్రం చూసి ఏ రోజు డేగ పుంజు గెలుస్తుంది, ఏ నక్షత్రానికి కాకి పుంజు గెలుస్తుంది అని లక్షలు ఒడ్డుతారు. దాన్ని చూసి నవ్విన మావాడు ఎడిసన్‌లో జెర్సీ ఉతక్కుండా దాచుకున్నాడు. కోడిని ఎవడూ అడగలేదు, క్వార్టర్‌బ్యాక్‌నూ ఎవడూ అడగలేదు.

నవ్వి ఊరుకోవచ్చు. నేనూ ఊరుకున్నాను ఒకసారి, అది చెప్పాలి.

1996 మార్చి 13. ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్. మా వీధంతా మా పెద్దన్నయ్య ఇంట్లో కలర్ టీవీ ముందు ఉంది. ఎవరూ కదలకూడదు, కదిలితే వికెట్ పోతుంది. ఉచ్చ ఆపుకుని కూర్చున్నవాళ్లున్నారు. మా తమ్ముడి భార్యకు పెళ్లై నాలుగు నెలలు. పన్నెండు గ్లాసుల టీ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది, గడప దాటింది. సచిన్ 65 దగ్గర స్టంపౌట్. ఒక వికెట్‌కు 98 ఉన్న జట్టు 8 వికెట్లకు 120 అయింది. జనం సీసాలు విసిరారు, నిప్పు పెట్టారు, రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట శ్రీలంకకు ఇచ్చేశాడు, కాంబ్లీ ఏడుస్తూ వెళ్లిపోయాడు. ఇదంతా దేశం చూసింది. మా ఇంట్లో జరిగింది మాత్రం ఎవరూ చూడలేదు. "ఏం పాదమే తల్లీ నీది!" అంది మా అమ్మ, అందరి ముందూ. నలుగురు నవ్వారు. జయసూర్య బంతి తిరిగిందని, పిచ్ పాడైందని ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా తప్పు టీ పళ్లెందే అయింది.

ఆ పిల్ల మళ్లీ ఏ మ్యాచ్‌కీ ఆ హాల్లోకి రాలేదు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఓవరు అయ్యాక కేకేస్తే టీ అందించేది. ఏడాది తిరిగేసరికి తమ్ముడి ఎరువుల కొట్టు మునిగింది. అప్పుడు ఆ పాదం మాట మళ్లీ లేచింది, ఈసారి ఎవరూ నవ్వలేదు. క్రికెట్ కోసం పుట్టిన మాట కాపురంలోకి వచ్చి కూర్చుంది. విధవ ఎదురొస్తే వెనక్కి తిరిగే ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు గదిలో లెక్కల లెక్చరర్ని నేనొకణ్ని ఉన్నాను. నాస్తిక కేంద్రం సభలకు వెళ్లొచ్చేవాణ్ని. నోరు విప్పలేదు. గ్లాసు తీసుకుని టీ తాగాను. చక్కెర సరిపోయిందని కూడా అన్నట్టు గుర్తు.

అదృష్టాన్ని నమ్మేవాడికి దురదృష్టం వచ్చినప్పుడు ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎప్పుడూ ఇంట్లో చిన్నదీ, తిరిగి మాట అనలేనిదీ అయి ఉంటుంది. డాక్టరుగారు వచ్చి కూర్చున్నాక జెట్స్ ఎన్నిసార్లు ఓడిందో ఎవరైనా లెక్క రాశారా? రాయరు.

ఈ సరదా ఎక్కడిదాకా పోతుందో డేవిడ్ కార్డ్, గార్డన్ డాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో లెక్కతీశారు. సొంత ఊరి జట్టు తప్పక గెలుస్తుందనుకున్న రోజు ఓడితే, ఇళ్లలో మగవాళ్లు భార్యల మీద, జతగత్తెల మీద చేసే దాడులు సుమారు 10 శాతం పెరిగాయి. ఓటమి ఎదురుచూసిందే అయితే ఆ పెరుగుదల లేదు. అంటే కొట్టించింది ఓటమి కాదు, భంగపడిన ఆశ. ఆశ పెట్టుకోవడంలో తప్పేముందండీ అని నన్నడిగే పెద్దమనుషులు ఆ పెరిగిన దాడులు జరిగిన ఇళ్లలో ఏదో ఒకదాని తలుపు తట్టి అడగాలి.

ఇక మైదానంలో ఉన్నవాళ్ల సంగతి. డాక్టరుగారు ముప్పై కొట్టారని మురిసిన డిసెంబరు 10న హ్యూస్టన్ క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ తల నేలకు గట్టిగా తగిలి ఆట మధ్యలో వెళ్లిపోయాడు. వారం తిరిగేసరికి మయామీలో మన క్వార్టర్‌బ్యాక్ జాక్ విల్సన్‌కూ అదే గతి. సగం ఆట కాకముందే లోపలికి తీసుకుపోయారు, తలకు దెబ్బ, ఇక ఆడడన్నారు. హాల్లో ఒకాయన, "పోనీ, వాడెలాగూ పనికిరాడు" అన్నాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడి మెదడు గురించి మాట అది. పిట్స్‌బర్గ్ తరఫున నాలుగు సూపర్ బౌల్స్ గెలిచిన మైక్ వెబ్‌స్టర్ మతి చెదిరి, నిలవనీడ లేక, 2002లో యాభయ్యేళ్లకే పోయాడు. ఆయన మెదడు కోసి చూసిన బెనెట్ ఒమలు అనే డాక్టరు వల్లే, తలకు పదేపదే తగిలే దెబ్బలతో వచ్చే ఈ మెదడు జబ్బు ఫుట్‌బాల్ లోకానికి తెలిసింది. 2017లో వెలువడిన బోస్టన్ అధ్యయనంలో పరీక్షించిన 111 మంది మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110 మందికి ఆ జబ్బు ఉంది. అనుమానం వచ్చిన కుటుంబాలే మెదళ్లు ఇచ్చాయి కాబట్టి ఆటగాళ్లందరికీ ఈ లెక్క వర్తించదు. ఆ మినహాయింపు ఇచ్చినా 110 పుర్రెలు మిగులుతాయి.

దీనికి దైవభక్తి ఒకటి తోడు. 2023 జనవరి 2న సిన్సినాటీలో డమార్ హామ్లిన్ ఛాతీకి దెబ్బ తగిలి గుండె ఆగి కూలిపోయాడు. మర్నాడు టీవీ స్టూడియోలో ఒక మాజీ ఆటగాడు తలవంచి ప్రార్థన చేశాడు. కుర్రాడు బతికాడు, ఆ అక్టోబరులో మళ్లీ ఆడాడు కూడా. ఆ ఆదివారం మా హాల్లో, "దేశమంతా ప్రార్థిస్తే బతికాడు అంకుల్, ఇది మీ సైన్సు చెప్పగలదా?" అని అడిగింది ఎవరనుకున్నారు? గుండె డాక్టరుగారే! మైదానంలో పరిగెత్తుకొచ్చి ఛాతీ నొక్కినవాళ్లూ, కరెంటు షాకిచ్చినవాళ్లూ ఏమైపోయారు సారూ? రోజూ మీరు చేసే పనే కదా అది, ఫీజు పుచ్చుకుని? ప్రార్థనకు అంత బలముంటే వెబ్‌స్టర్ తల్లి ఎందులో లోపం చేసింది?

ఆఖరి క్షణంలో దూరంగా విసిరే బంతికి ఈ దేశంలో 'హెయిల్ మేరీ' అని పేరు, మరియమాతకు చేసే జపం. 1975 డిసెంబరు 28న డాలస్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబక్ అలా విసిరి మిన్నెసోటాను ఓడించాక, కళ్లు మూసుకుని ఆ జపం చేశానని చెప్పాడు. అదే ఆట టీవీలో చూస్తూ మిన్నెసోటా క్వార్టర్‌బ్యాక్ ఫ్రాన్ టార్కెంటన్ తండ్రి గుండెపోటుతో చనిపోయాడు. ఆయన చర్చి బోధకుడు. ఆ మధ్యాహ్నం మరియమాత ఎవరి మాట విన్నట్టు? 2014లో అమెరికాలో ఒక సర్వే చేస్తే అభిమానుల్లో 26 శాతం జట్టు కోసం దేవుణ్ని వేడుకున్నామనీ, 25 శాతం తమ జట్టుకు శాపం తగిలిందనీ చెప్పారు. ఒక బీరు కంపెనీ ఈ పిచ్చినే ముద్దు చేసి ప్రకటనలు తీసింది. 2018లో ఈ న్యూజెర్సీ రాష్ట్రమే సుప్రీంకోర్టుదాకా పోరాడి బెట్టింగుకు తలుపులు తెరిపించింది. మా హాల్లో ఏడుగురిలో ఒకతను మాత్రం అరవలేదు, ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. కూతురి కాలేజీకని దాచింది ఏ ఫోన్లోకి పోయిందో అతని భార్య వంటింట్లో మా కోడలికి చెప్పుకుని ఏడ్చింది. కుక్కుట శాస్త్రంలో కనీసం కోడి కూర మిగులుతుంది.

ఆట 30-0తో ముగిసింది. జెట్స్ ప్లేఆఫ్స్ ఆశ ఆ సాయంత్రంతో సరి. రాడ్జర్స్ ఆ సీజన్లో మళ్లీ దిగలేదు. ఏడుగురూ బిర్యానీ తిని వెళ్లారు. నేను గ్లాసుతో నీళ్లు తీసుకుని పైకి వెళ్లేసరికి పిల్లాడు బాత్రూం కుళాయి దగ్గర తాగేశానన్నాడు.

తరవాతి ఆదివారం, డిసెంబరు 24న, వాషింగ్టన్‌తో ఆట. ఇక లాభం లేదు కాబట్టి ఎవరూ రాలేదు, మావాడూ నేనే కూర్చున్నాం. జెట్స్ సగానికి 27-7తో ముందుండి, ఆ ఆధిక్యమంతా పోగొట్టుకుని ఒక పాయింటు వెనకబడింది. చివర్లో యాభై నాలుగు గజాల నుంచి తన్నిన బంతి గోల్ స్తంభాల మధ్యగా పోయింది. 30-28. మావాడు ఎగిరి గంతేశాడు. "కన్నా, గెలిచాం రా! కిందికి రా!" అని అరిచాడు, నిజంగా ప్రేమగానే.

జవాబు దగ్గర్నుంచే వచ్చింది. వెళ్లి చూస్తే మేడ మలుపులో మెట్టు మీద, మాకు కనపడకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన నీళ్ల సీసా, రెండు బిస్కెట్లు. ఆటంతా అక్కడే కూర్చుని విన్నాడట.

"కిందికి రావచ్చుగా నాన్నా?" అన్నాను.

"రాలేదు కాబట్టే గెలిచారు తాతా" అన్నాడు.