నీటిని పరీక్షించకుండా యంత్రం కొనకండి

కొద్ది రోజుల క్రితం ఒక యువకుడు నీటి శుద్ధి యంత్రం అమ్మడానికి మా ఇంటికి వచ్చాడు. రెండు గాజు గ్లాసులు అడిగి, ఒకదానిలో మా కుళాయి నీరు, మరొకదానిలో తాను తెచ్చిన ఆర్‌ఓ నీరు పోశాడు. లోహపు కడ్డీలున్న ఒక పరికరాన్ని రెండింటిలోనూ ముంచి కరెంటు పెట్టాడు. రెండు నిమిషాలలో మా నీరు తుప్పు రంగుకు తిరిగి, మడ్డి తేలింది. ఆర్‌ఓ నీరు తేటగానే ఉంది. "ఇన్నాళ్లూ మీరు తాగుతున్నది ఇదే సార్" అన్నాడు. నేను వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని ఆర్‌ఓ నీటిలో కలిపి, మళ్లీ కరెంటు పెట్టమన్నాను. ఆ నీరూ తుప్పు రంగుకే తిరిగింది. అతడు మాట్లాడకుండా సామాను సర్దుకున్నాడు.

ఇందులోని మర్మం చిన్నది. ఆ కడ్డీలలో ఒకటి ఇనుముది. లవణాలున్న నీటిలో విద్యుత్తు ప్రవహించి, ఇనుము కరిగి తుప్పుగా మారుతుంది. ఆ మడ్డి కడ్డీలోంచి వచ్చినది, మీ నీటిలోది కాదు. ఆ కుర్రవాణ్ణి నేను నిందించను. ఈ గారడీని పరీక్షగా చూపమని నేర్పి పంపినవారిని నిందిస్తాను.

రెండవ గారడీ టీడీఎస్ మీటరు. అది నీటి విద్యుద్వాహకతను కొలిచి, కరిగివున్న లవణాల మొత్తాన్ని అంచనాగా చూపుతుంది. అవి ఎముకలకు మేలుచేసే కాల్షియమా, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడా అన్నది దానికి తెలియదు. టైఫాయిడ్ క్రిములు, కామెర్ల వైరస్‌లు దానికి అసలు కనబడవు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు టీడీఎస్ ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకని చోట 2000 వరకు అనుమతి ఉంది. అయినా 250 చూపిన మీటరును చూసి భయపడి వేల రూపాయలు చెల్లిస్తున్న కుటుంబాలను నేను ఎరుగుదును.

"కాల్షియం ఉన్న నీరు తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయి" అన్నది మూడవ బెదిరింపు. కఠిన జలమే రాళ్లకు కారణమని రుజువు కాలేదు. మన వేడి ప్రాంతాలలో తగినంత నీరు తాగకపోవడం అంతకంటే పెద్ద కారణం.

అయితే ఆర్‌ఓ వద్దనడం నా వాదన కాదు. ఉద్యోగకాలంలో నల్లగొండ ప్రాంతంలో పనిచేశాను. పళ్లపై గోధుమరంగు చారలు పడిన పిల్లలను, నలభై ఏళ్లకే నడుము వంచలేని రైతులను చూశాను. నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే వర్ణించారు. అంటే ఇది కొత్త విషయం కాదు. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన మేరకు కొంత చిక్కబడుతుంది కూడా. క్యాండిల్ ఫిల్టరూ, అతినీలలోహిత దీపమూ దాన్ని తీయలేవు. అటువంటి బోరు నీటికి ఆర్‌ఓ నిజంగా అవసరం.

అక్కడ కూడా ఒక ఉచ్చు పొంచి ఉంది. చాలా యంత్రాలలో రుచి కోసం టీడీఎస్ సరిచేసే మర ఒకటి ఉంటుంది. అది శుద్ధి చేసిన నీటిలో ముడి నీటిని కొంత కలుపుతుంది. ముడి నీటిలో ఫ్లోరైడ్ ఉంటే, తీసిన విషం తిరిగి గ్లాసులోకి చేరుతుంది. తల్లి మాత్రం బిడ్డకు మంచినీళ్లే ఇస్తున్నానని నమ్ముతుంది.

ఇక నదీజలాలు శుద్ధిచేసి సరఫరా చేసే పట్టణాల సంగతి. అక్కడ ప్రమాదం లవణాలతో కాదు, పగిలిన పైపులు, కడగని సంపుల ద్వారా చేరే క్రిములతో. దానికి కాచి చల్లార్చడం, లేదా అతినీలలోహిత దీపమున్న ఫిల్టరు చాలును. ఖనిజాలు ప్రధానంగా ఆహారం నుంచే వస్తాయి, నిజమే. అయినా నీటిలో ఉన్నవాటిని డబ్బిచ్చి తీయించి, మళ్లీ డబ్బిచ్చి కలిపించుకోవడం ఏమి వివేకం? పైగా ఇంటి ఆర్‌ఓ ఒక లీటరు ఇవ్వడానికి సాధారణంగా రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. టీడీఎస్ 500 కంటే తక్కువ ఉన్న చోట ఈ యంత్రాలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించడానికి ఈ వృథాయే ముఖ్య కారణం.

కనుక ముందు మీ నీరు ఎక్కడిదో తెలుసుకోండి. బోరు నీరైతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలోనో, గుర్తింపు పొందిన మరో ప్రయోగశాలలోనో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం, టీడీఎస్, కోలిఫాం బాక్టీరియా, ఈ ఐదూ అడగండి. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటితే, లేదా నీరు తాగలేనంత ఉప్పగా ఉంటే ఆర్‌ఓ కొనండి. కొనేముందు మూడు ప్రశ్నలు వేయండి: ముడి నీటిని కలిపే మరను పూర్తిగా మూసివేయవచ్చునా? లీటరుకు ఎంత నీరు వృథా అవుతుంది? పొర, ఫిల్టర్ల మార్పిడికి ఏటా ఎంత ఖర్చు? బిగించిన తరువాత, యంత్రం నుంచి వచ్చే నీటిని కూడా పరీక్షకు పంపండి. ఏటా మళ్లీ పంపండి.

రోగిని చూడకుండా మందు రాసే వైద్యుణ్ణి మీరు క్షమించరు. నీటిని పరీక్షించకుండా యంత్రం రాసే అమ్మకందారును మాత్రం ఎందుకు నమ్ముతున్నారు?