మట్టి పావురముల వేట

తుపాకి యనఁగానే పుట త్రిప్పివేయకుఁడు. ఈ వేటలో ప్రాణిహింస లేదు. పూర్వము ఇంగ్లండు, అమెరికాలలో బోనులనుండి బ్రదికియున్న పావురములను వదలి కాల్చెడివారు. ఆ బోనును బట్టియే దీనికి ట్రాప్ షూటింగు అను పేరు వచ్చినది. ఇప్పుడు యంత్రము విసరు చిన్న పళ్లెములే గుఱి. మట్టి పావురములనుట పేరునకే. వానిని సున్నపురాతి పొడితోను, తారువంటి బంకతోను చేయుదురు.

అమెరికా పద్ధతిలో ఆటకు 25 పళ్లెములు. ఐదు చోట్ల నిలిచి, చోటి కైదు చొప్పున కాల్చవలెను. పళ్లెమునకు ఒక్క తూటాయే. కంటికి కనఁబడునట్లు ముక్క యొకటియైన విరుగవలెను. ధూళి లేచిన చాలదు.

మనుష్యుఁడు తెలియున దిచ్చటనే. వినోదమునకు వచ్చినవాఁడు పళ్లెము తప్పిపోయిన తానే నవ్వి, ప్రక్కవాని వంతునకు నోరు మూసికొని నిలుచును. పేరునకు వచ్చినవాఁడు గాలిని, తుపాకిని, తుదకు లెక్క వ్రాయువానిని తిట్టును. మన యిండ్లలో గవ్వలాడునపు డిట్టివారిని చూడలేదా!

ఆనీ ఓక్లీ (1860–1926) చిన్ననాఁడే తండ్రిని గోల్పోయి, వేటాడి యింటివారిని పోషించిన అమెరికా స్త్రీ. 1922లో, అరువదియేండ్లు దాటిన పిదప, పైన్‌హర్స్ట్ అను నూర 16 గజముల దూరమునుండి వరుసగా 100 పళ్లెములను పగులఁగొట్టినది. దానికంటె నాకు ముచ్చట గొలుపునది వేఱొకటి గలదు. ఆ యూరనే ఆమె తుపాకి యెన్నఁడు ముట్టని స్త్రీలకు గుఱి నేర్పెడిది. వారి పళ్లెములెన్ని చెక్కుచెదరక నేలఁబడినవో!