మోర్న్ నోరు విప్పకపోవడమే మేలు

‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ 1993 జనవరిలో మొదలై 1999 జూన్ దాకా నడిచింది. ఏడు సీజన్లు, 176 ఎపిసోడ్లు. కథంతా ఒక అంతరిక్ష కేంద్రంలో. అందులో క్వార్క్ అనే లాభాపేక్ష జాస్తిగా ఉన్న వ్యాపారి బార్ నడుపుతుంటాడు. ఆ బార్‌లో ఎప్పుడు చూసినా ఒక స్టూలు మీద భారీకాయుడొకడు గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ముడతలు పడ్డ బట్టతల, వేలాడే బుగ్గలు. పేరు మోర్న్. అన్నేళ్లలోనూ ప్రేక్షకులకు అతని నోటి నుంచి ఒక్క మాట వినపడలేదు.

అలాగని మూగవాడు కాదు, అదే తమాషా. ఎవరిని కదిపినా మోర్న్ ఒట్టి వాగుడుకాయ అంటారు. మొదలుపెడితే ఆపడట, జోకులు గొప్పగా చెబుతాడట. కెమెరా అటు తిరిగేసరికి మాత్రం చెప్పడం అప్పుడే అయిపోయి ఉంటుంది, లేదా అతను నోరు తెరిచేలోగా ఇంకెవరో అడ్డొస్తారు.

ఈ పాత్రకు మూలం అంతరిక్షంలో లేదు, బోస్టన్ బార్‌లో ఉంది. ‘చీర్స్’ అనే అమెరికన్ హాస్య ధారావాహికలో రోజూ అదే స్టూలెక్కే నార్మ్ పేరులోని అక్షరాలను అటూ ఇటూ మార్చి మోర్న్ అని పెట్టారు. ఆ నార్మ్ భార్య వెరా గురించి అందరూ మాట్లాడతారు, ఆవిడ ముఖం మాత్రం ప్రేక్షకులకు ఎన్నడూ కనిపించదు. ఇక్కడ మనిషి కనిపిస్తాడు, మాట వినపడదు. హాలీవుడ్ లెక్కలు కూడా గుర్తుంచుకోవాలి. జనంలో కూర్చునే నటుడికి ఒక్క డైలాగ్ ఇచ్చినా యూనియన్ నిబంధనల ప్రకారం హోదా మారుతుంది, జీతం బాగా పెరుగుతుంది. నోరు మెదపని పాత్ర నిర్మాతకు భారం కాదు.

ఆ రబ్బరు ముసుగు వెనక ఉన్నది మార్క్ అలెన్ షెపర్డ్. ఆయన చిత్రకారుడు కూడా.

1998 ఫిబ్రవరిలో రచయితలు ధైర్యం చేసి మోర్న్ మీదే ఒక ఎపిసోడ్ తీశారు. పేరు ‘హూ మోర్న్స్ ఫర్ మోర్న్’. ఇలాంటి అవకాశం దొరికితే ఎవరైనా చిన్నప్పటి కష్టాలు చూపిస్తారు, పెద్ద ప్రసంగం చేయిస్తారు. వీళ్లు మొదట్లోనే అతను చనిపోయాడన్న వార్త తెచ్చి, మనిషిని కథలోంచి తప్పించేశారు. ఆ ఖాళీలోకి ఒక్కొక్కరే వచ్చి తమకు తెలిసిన మోర్న్‌ను చెబుతారు. కత్తి పట్టిన వీరుడు వోర్ఫ్, అతను తనకు దీటైన సాధన జోడీ అంటాడు. వోర్ఫ్ భార్య డాక్స్, ఒకప్పుడు మోర్న్ మీద మనసు పడ్డానని, అతనే పట్టించుకోలేదని ఒప్పుకుంటుంది. మాజీ భార్యనంటూ ఒకావిడ దిగుతుంది. మోర్న్‌తో కలిసి చేసిన పాత దోపిడీలో వాటా కోసం దొంగలు వస్తారు. వెయ్యి కడ్డీల సొత్తు దొరికిందని క్వార్క్ సంబరపడితే, అవన్నీ లోపలి విలువైన ద్రవం తీసేసిన ఉత్త బంగారు కడ్డీలు. వాళ్ల లోకంలో బంగారానికి చిల్లర విలువ కూడా లేదు. ఆ ద్రవాన్ని మోర్న్ ఏళ్ల తరబడి తన రెండో పొట్టలో దాచుకున్నాడు, జుట్టు రాలిపోయింది అందువల్లే. అన్నీ తెలిశాక కూడా మోర్న్ ఎవరో తెలియదు. పైగా సంస్మరణ సభలో అతని స్టూలు ఖాళీగా ఉండకూడదని క్వార్క్ ఎవరో ఒకణ్ని పిలిచి కూర్చోబెడతాడు. అలా కూర్చున్నది ముసుగు లేని షెపర్డే!

‘డీప్ స్పేస్ నైన్’ వచ్చిన 1993లోనే, సెప్టెంబరులో మొదలైన ‘ది ఎక్స్ ఫైల్స్’ ఏం చేసిందో చూడండి. తొలి ఎపిసోడ్‌లో ఒక ఆఫీసు గదిలో పక్కకు నిలబడి సిగరెట్ కాల్చే పెద్దమనిషి ఉంటాడు. ఆ వేషం వేసిన విలియం బి. డేవిస్ కెనడాలో నటన నేర్పే మాస్టారు. మొదటి సీజన్ చివర్లో ‘టూమ్స్’ అనే ఎపిసోడ్‌లో ఆ పాత్ర పలికింది నాలుగు మాటలు. వాటికే ఒళ్లు జలదరించింది.

తర్వాత వివరణలు మొదలయ్యాయి. 1996లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో కెనెడీని, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపింది ఇతనే అన్నారు. అచ్చుకు నోచుకోని నవలలు రాసేవాడని కూడా అన్నారు. న్యాయంగా చెప్పాలంటే అది బాగుంది, ఎందుకంటే ఆ కథంతా నిజమో కల్పనో తేల్చలేదు. అక్కడితో ఆపితే సరిపోయేది. స్పెండర్ అని పేరు పెట్టారు, కొడుకును తెచ్చారు, చివరికి హీరో మల్డర్‌కే తండ్రిని చేశారు. 2002లో క్షిపణితో కాల్చి చంపారు. 2016లో తిరిగి లేపి, గొంతులో రంధ్రం గుండా పొగ తాగించారు. 2018లో మరో అసలు పేరు! డేవిస్ నటనలో లోపమేమీ లేదు. కానీ ఎవరో తెలియనప్పుడు ప్రభుత్వమంతా అతనే అనిపించిన మనిషి, అన్నీ తెలిశాక ఆస్తి తగాదాలో పెద్దాయనలా తయారయ్యాడు.

సినిమాల నుంచి వచ్చిన బోబా ఫెట్ అనే కిరాయి వేటగాడికీ ఇదే గతి పట్టింది. 1980 నాటి ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో శిరస్త్రాణం తీయకుండా, నాలుగు ముక్కలు మాట్లాడి పేరు తెచ్చుకున్నవాడికి 2021 చివర్లో ఏడు ఎపిసోడ్ల సిరీస్ ఇచ్చారు. శిరస్త్రాణం తీశాడు, తీరిగ్గా మాట్లాడాడు. భయం పోయింది.

ప్రేక్షకులు అడుగుతారు కాబట్టి చెప్పక తప్పదని నిర్మాతల వాదన. అడుగుతారు, నిజమే. అడిగేంత ఆసక్తి ఎలా పుట్టిందో మాత్రం లెక్కలోకి తీసుకోరు. స్ట్రీమింగ్ సంస్థలకు కొత్త కథ కంటే పాత పేరు మీద నమ్మకం ఎక్కువ. అందుకే ఏ మూల నిలబడ్డ పాత్రకైనా బాల్యం, తండ్రి, పగ సిద్ధం చేస్తున్నారు. ఇవేవీ లేకుండానే మోర్న్‌ను కథలో వాడుకోలేదా అంటే, బాగానే వాడుకున్నారు. 1997లో వచ్చిన కథలో డొమినియన్ అనే శత్రువుతో యుద్ధం నడుస్తుండగా, ఆ శత్రువు చేతిలో ఉన్న ఆ కేంద్రం నుంచి రహస్య సందేశాన్ని బయటికి చేర్చింది అతనే, తల్లి పుట్టినరోజు కానుకలో దాచి. ఆ ఘట్టానికీ అతని డైలాగ్ అవసరం పడలేదు. రేపు ఎవరైనా మోర్న్ పేరుతో సిరీస్ తీస్తామంటే అభ్యంతరం లేదు. అతనికి మాటలు రాసే పని మాత్రం పెట్టుకోకుండా, క్వార్క్ బార్‌కు వచ్చేవాళ్లందరికీ తలొక అబద్ధం రాసిస్తే పది ఎపిసోడ్లు సునాయాసంగా నడుస్తాయి.