కట్టి ఉంచడమే కరుణ



నేను పదవీ విరమణ చేసిన నాటినుండి మా అరుగునే నివాసంగా చేసుకున్న వీథికుక్క ఒకటి ఉన్నది. పండితుని బుద్ధి ఊరుకోదు గదా, సారమేయుడని నామకరణం చేశాను. మనుమరాలికి నోరు తిరుగక 'సారీ' అని పిలుస్తుంది. గత వేసవిలో ఒక ఆటో తగిలి దాని తొడ ఎముక విరిగింది. పశువైద్యులు శస్త్రచికిత్స చేసి, లోహపు పలక బిగించి, ఎనిమిది వారాలపాటు పరుగులు, గెంతులు, మెట్లు కూడదని మరీ మరీ చెప్పి పంపారు.

వెనుక వసారాలో పాత తలుపులు అడ్డుపెట్టి చిన్న దడి కట్టాను. ఇక వీథివారందరూ నాకు భూతదయ బోధించసాగారు. "మాస్టారూ, నోరులేని జీవిని ఇట్లా బంధించడం పాపం కాదుటండీ?" ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర కూడ శునకాన్ని విడువలేదని నాకే గుర్తుచేసినవారున్నారు! మూడవ వారానికి అది కాలు ఆనించి నడవసాగింది. రాత్రిళ్లు ఆ మూలుగు వినలేక, నాకూ మనసు కరిగి, ఒక సాయంకాలం దడి తీశాను. పాలవాని సైకిలు గంట వినబడగానే ఒక్క ఉదుటున అరుగుమీదినుండి దూకింది. మరలు సడలి పలక కదిలిపోయింది. మళ్లీ కోయవలసివచ్చింది.

నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. మందు ప్రభావంతో నొప్పి తగ్గిన కుక్క తనకు నయమైందనుకుంటుంది. దానిని చూచి మనమూ అనుకుంటాము. మనం జాలి అనుకునేది చాలావరకు ఆ మూలుగు భరించలేని మన అసహనమే.

అయితే కట్టి ఉంచితే చాలదు, సుఖంగా ఉంచాలి. నున్నని నేలమీద కాలు జారుతుంది, గోనెపట్టాలు పరిచాను. పడక తడిసినప్పుడల్లా మార్చాలి. బయటికి తీసుకువెళ్లేటప్పుడు పొట్టక్రింద తువ్వాలు దూర్చి వెనుకభాగం ఎత్తిపట్టాలి. (నా నడుము సంగతి అడుగకండి.) కుక్క నాకితే పుండు మానుతుందని మనవారి నమ్మకం. నాకితే కుట్లు ఊడి చీము పడుతుంది. అందుకే మెడకు గరాటువంటి ప్లాస్టిక్ పట్టీ వేస్తారు. దానితో గిన్నె అందదు. పీటమీద పెడితే అందింది. కదలిక లేదు కనుక తిండి కాస్త తగ్గించాలి. బరువు పెరిగితే ఆ భారమూ కాలిమీదనే.

ఒంటినొప్పులకు మనం వేసుకునే మాత్ర సగం విరిచి వేయమన్నారొకరు. వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, మూత్రపిండాలను చెరుపుతాయి. ఈ డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు నశించిపోతున్నాయనే మన దేశంలో 2006లో దానిని పశువైద్యంలో నిషేధించారు.

రెండవసారి కుట్లు చూచిన రాత్రి నాకు ధర్మరాజు కాదు, ఆదిపర్వంలోని సరమ గుర్తుకు వచ్చింది. ఏ తప్పూ చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టారని ఆ తల్లి రాజునే నిలదీసింది. మా సారమేయుని పక్షాన నన్ను నిలదీయడానికి ఎవరూ రాలేదు. 'సారీ' అన్న పిలుపు మాత్రం నాటినుండి గుచ్చుకుంటున్నది.

ఈసారి పడకకుర్చీ దడి ప్రక్కనే వేసుకున్నాను. మనిషి దగ్గరుంటే మూలుగు సగం తగ్గుతుందని అప్పుడు తెలిసింది. ఎనిమిది వారాలు గడిచి, ఎక్స్‌రే చూచి వైద్యులు సరేనన్న తరువాతనే త్రాడు పట్టి అయిదు నిమిషాలు నడిపించాను. కొద్దిగా కుంటుతుంది. పాలవాని గంటకు ఇప్పటికీ చెవులు నిక్కిస్తుంది, దూకదు.