అతి అన్నవాళ్లకు

'మార్టిన్ లూథర్ కింగ్' సినిమా మాటొస్తే మా మేళ్లచెరువులో కొందరు కొట్టిపారేస్తారు. పేరూ కాగితమూ లేని మనిషి ఈ కాలంలో ఎక్కడుంటాడు, నవ్వించడానికి అతి చేశారు అంటారు. ఆ మాట తప్పు.

2023లో వచ్చిన ఆ సినిమా తమిళ 'మండేలా'కు రీమేక్. చెప్పులు కుట్టుకుని బతికే మనిషిగా సంపూర్ణేష్ బాబు నటించాడు. కూడబెట్టిన డబ్బు దాచుకుందామని అతను పోస్టాఫీసుకు పోతాడు. మనిషి ఎదురుగా నిలబడే ఉన్నాడు, కానీ ఖాతా తెరవడానికి మనిషి చాలడు, కాగితం కావాలి. చేతికి ఓటరు కార్డు వచ్చాకే ఊరి పెద్దల కంట్లో పడతాడు.

ఇందులో అతి ఎక్కడుంది? 2014–2019 మధ్య మన తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. ముందస్తు నోటీసు లేదు. అనర్హుల ఏరివేతకు 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను వాడారు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కే ఒకాయనకు కారుందని అది తేల్చింది. అలాంటి పేరే ఉన్న వేరే మనిషి కారది. రేషన్ బియ్యం ఆగిపోయాయి, ఆయన ఇల్లాలు హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. రద్దయిన కార్డులను ఇళ్లకు వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఏ హాస్య రచయితా ఇంతకు తెగించడు.

కంప్యూటర్ వచ్చాక గుమాస్తా ఇష్టారాజ్యం పోయిందన్నది రెండో వాదన. గుమాస్తాతో కనీసం పోట్లాడొచ్చు, నలుగురిని వెంటేసుకుని మళ్లీ పోవచ్చు. సినిమాలోనైనా పోస్టాఫీసు ఉద్యోగిని అతని గోడు విని, పేరు పెట్టి, కార్డు ఇప్పించింది. ఇక్కడ రేషన్ షాపులో వేలిముద్ర వేస్తే మిషన్‌లో మీ పేరు రావట్లేదని డీలరు అంటాడు. మీసేవకు పోతే రిజెక్ట్ చూపిస్తోందంటారు. ఎందుకు తీసేశారో చెప్పే మనిషి ఆ రెండుచోట్లా ఉండడు.

అనర్హులను తీసేయొద్దని ఎవరూ అనడం లేదు. సన్నబియ్యం పంపిణీ 2025 ఉగాది నాడు మన పక్కనే హుజూర్‌నగర్‌లో మొదలైంది. కొత్త కార్డులు అదే ఏడాది జూలైలో మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ఇచ్చారు. సంతోషమే. తప్పుగా కార్డు పోయినవాళ్లు మధ్యలో ఏళ్ల తరబడి బయట కొనుక్కున్న బియ్యానికి ఎవరు లెక్క కడతారు? ఇకమీదట ఒక్క పేరు కొట్టేయాలన్నా, కారణం రాసి, అధికారి సంతకం పెట్టి, ముందుగా ఆ ఇంటికి అందించాలి. జవాబు చెప్పుకోవడానికి గడువివ్వాలి.