ఆరిందనుకున్న కారు మళ్లీ అంటుకుంటుంది

తెలంగాణ అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన పొగ, పైనున్న హోటల్లో 8 మందిని బలిగొన్న సంగతి మీకు గుర్తుచేయక్కర్లేదు. కారు బ్యాటరీ స్కూటర్ బ్యాటరీకి ఎన్నో రెట్లు పెద్దది.

ప్రమాదంలో నుజ్జయిన ఎలక్ట్రిక్ కారును మీ సిబ్బంది కట్టర్‌తో కోసేటప్పుడు నారింజ రంగు కేబుళ్ల జోలికి పోకూడదు. చప్పుడు లేదు కదా అని బండి ఆగిందనుకోకూడదు. ఇవి ఎలాగోలా నేర్చుకోవచ్చు. మొండిది బ్యాటరీయే. నీళ్లు కొడితే పైమంట తగ్గుతుంది, లోపలి సెల్స్ వేడి అంత త్వరగా చల్లారదు. 2018లో కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ప్రమాదానికి గురైన టెస్లా, యార్డుకు చేర్చిన కొన్ని రోజులకు మళ్లీ అంటుకుంది. మన దగ్గరైతే అలాంటి బండిని ఎక్కడ పెడతారు? పోలీస్ స్టేషన్ ఆవరణలో, పట్టుకొచ్చిన బైకుల పక్కనే!

ఆకుపచ్చ నంబరు ప్లేటు అది ఎలక్ట్రిక్ బండని చెబుతుంది; కరెంటు ఎక్కడ ఆపాలో చెప్పదు. నంబరు కొట్టగానే అది చూపే ఆ మోడల్ రెస్క్యూ షీట్ ఫోనులో కనిపించేలా రవాణా శాఖతో మాట్లాడండి. ఇన్సులేటెడ్ గ్లౌజులు, శ్వాస పరికరాలు హైవే పక్కనున్న చిన్న స్టేషన్లకు ముందుగా పంపండి. మీకంటే ముందు చేరుకునే 108 సిబ్బందికీ మీ సిబ్బందికి వీటిపై ఇచ్చే శిక్షణలో చోటివ్వండి.

ఇట్లు,
రోజూ ఔటర్ రింగ్ రోడ్డెక్కే ఓ ప్రయాణికుడు